సిస్సు దేశానికి పస్తానం

మా అవ్వ సరోజన ముందు ఎవరైనా 'స్విట్జర్లాండ్' అంటే ఊరుకోదు. "సరిగ్గ అనరాదా? సిస్సు దేశం" అని దిద్దుతుంది. ఆ దేశం వాళ్లకే తమ దేశం పేరు పలకరాదని ఆమె గట్టి నమ్మకం. పోయి చూసి వచ్చిన మనిషి కాబట్టి ఇంట్లో ఎదురు చెప్పేవాళ్లు లేరు.

అవ్వ అంటే ముసలమ్మను ఊహించుకోకండి. ఈ ముచ్చట జరిగినప్పుడు ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. తొర్రూరుకు పడమటి దిక్కున ఒక పల్లెలో రైతుల ఇంటికి చిన్నకోడలు. మోకాళ్ల నొప్పులని ఇప్పుడు మెల్లగా అడుగులేసే మనిషి, అప్పుడు గోడ కూడా దూకేది.

అసలు మొదలు మాత్రం జనగామలో పడింది, 1969లో. సరోజన బడిలో పై తరగతి చదువుతున్నది. అహల్య టీచర్ భూగోళం చెప్తున్నది. నల్లబల్ల నిండా కోసు కొండలు గీసి, సుద్దముక్కను అడ్డంగా పడుకోబెట్టి రుద్ది, వాటి నెత్తిన మంచు పోసింది. "ఎండకాలం రాంగనే గీ దేశపోళ్లు ఆవుల మెడలకు గంటలు కడ్తరు, కొమ్ములకు పూలు చుడ్తరు, ఊరేగింపుగ కొండ మీదికి తోల్కపోతరు. ఎందుకు తోల్కపోతరంటే..."

అంతలో రోడ్డు మీద 'జై తెలంగాణ' అని ఒక్క పెట్టున కేక లేచింది. పెద్ద పిల్లలు గేటు తీశారు, చిన్న పిల్లలు కిటికీలు ఎక్కారు. సరోజన కూడా పుస్తకం చంకన పెట్టుకుని ఊరేగింపులో దూరి, గొంతు పోయేదాకా అరిచింది. ఎందుకు తోల్కపోతారో రేపు వినవచ్చులే అనుకుంది. రేపు బడి తెరవలేదు. ఎల్లుండి తెరవలేదు. ఆ ఏడు చదువు చదువంతా ఉద్యమంలో కలిసిపోయింది. బడి తలుపులు మళ్లీ తెరుచుకునే నాటికి సరోజనకు సంబంధం కుదిరింది. 'ఎందుకు తోల్కపోతరంటే' దగ్గర ఆగిన మాట ఆమెతో పాటే కాపురానికి వచ్చింది.

గడ్డి కోసమే అయి ఉంటుందని గొడ్లు కాసే ఎవరికైనా తెలుస్తుంది. ఆమెకూ తెలుసు. కాని టీచర్ నోట సగంలో ఆగిన మాట కదా, పంటిలో ఇరుక్కున్న పీచులాగా ఏళ్ల తరబడి నాలుకకు తగులుతూనే ఉండేది.

అత్తగారింట్లో పెత్తనం వెంకటనర్సమ్మది. కొడుకులు ఇద్దరు. పెద్దవాడు నిరంజన్, అతని భార్య సులోచన. చిన్నవాడు వెంకట్రాం, అతని భార్య సరోజన. కోడళ్లు పోట్లాడుకుంటారని ముందే భయపడి వెంకటనర్సమ్మ ఏది కొన్నా జత కొనేది. ఒక పెళ్లికి ఇద్దరికీ ఎర్రంచు ఆకుపచ్చ చీరలు తెచ్చింది. పక్కపక్కన పెడితే అద్దంలో చూసినట్టే ఉండేవి.

ఆ రోజుల్లోనే తొర్రూరు పశువుల దవాఖానకు స్విస్ జాతి కోడె బీజంతో ఆవును చూడి కట్టించే సూది వచ్చింది. ఇంట్లో మగవాళ్లు నవ్వారు. "మన ఎర్రావుకు దొరల సంబంధమా?" అన్నాడు నిరంజన్. సులోచనకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఎర్రావు పలుపు పట్టుకుని తొర్రూరు దాకా తానే నడిపించుకుపోయింది. దారిలో లారీ మోతకు ఆవు బెదిరి తల విసిరితే, కొమ్ము తగిలి ఆకుపచ్చ చీర అంచు దగ్గర చినిగింది. చినిగిన చీరతోనే సూది వేయించి పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చింది. "కట్నం గిట్ల ఏం లేకుండ దొర అల్లున్ని తెచ్చిన" అంటూ విరగబడి నవ్వింది. చంటిపిల్లతో ఇంట్లో ఉన్న సరోజన ఆమెకు చల్ల కలిపి ఇచ్చింది. ఆ రోజు ఇద్దరూ బాగానే ఉన్నారు.

ఎర్రావు ఈనకముందే అన్నదమ్ములు వేరుపడ్డారు. బర్రెలు సులోచన వాటాకు, ఎర్రావు సరోజన వాటాకు వచ్చాయి. ఆ తర్వాత పుట్టింది దూడ. బూడిద రంగు, వెడల్పు నుదురు, తాసిల్దారు నడక. దానికి 'సిస్సు' అని పేరు పెట్టారు. అది పెరిగి పెద్దదై పాలివ్వడం మొదలుపెడితే ఇంట్లో గిన్నెలు చాలలేదు. పాలకేంద్రంలో దాని పేరు చెప్తే క్యాను మూత వాళ్లే తీసేవాళ్లు.

అప్పుడడిగింది సులోచన. "ఆవు నీ పాలుకు వచ్చింది, సరే. మరి సూది ఎవరి పాలుకు వచ్చినట్టు?"

జవాబు లేనప్పుడు మనుషులు ఏం చేస్తారో సరోజన కూడా అదే చేసింది. గట్టిగా మాట్లాడింది. ఆ సాయంత్రం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నడుమ గోడ లేచింది. మాటల్లేవు అంటే నేరుగా లేవని. సిస్సును నడుమ పెట్టుకుని ఎన్నయినా ఉండేవి.

"ఓ సిస్సూ, జర తోక సంభాళించుకోవే. కొందరికి మన గాలి పడదట."

గోడ అవతలి నుంచి బర్రెకు జవాబు వచ్చేది. "చూసినవా, ఎవలో తోలితే పుట్టిన దూడను చూసుకోని ఎవలో ఎగురుతున్నరు."

1983లో పాల డెయిరీ నుంచి పురుషోత్తం సారు జీపులో వచ్చాడు. స్విస్ జాతి ఆవుల్ని బాగా సాకే రైతులను ఆ దేశం తీసుకుపోయి అక్కడి కొట్టాలు, కొండలు చూపిస్తారట. ఈ దిక్కు నుంచి ఒక ఆడమనిషి కావాలట. సిస్సు చుట్టూ తిరిగి, దాని వీపు నిమిరి, "దీనికి సూది ఏపిచ్చింది ఎవరమ్మా?" అని అడిగాడు.

"మా ఇంట్లోళ్లమే సార్" అంది సరోజన. మాట అబద్ధం కాదు. గోడ అవతల మాత్రం బిందె ఒకటి గట్టిగా కింద పడింది.

ఆ తర్వాత ప్రయాణపు ఏర్పాట్లు ఊరందరి పనీ అయిపోయాయి. "ఆడ మస్తు చలి ఉంటది, అలవాటు కావాలె" అని వెంకట్రాంకు ఎవరో ఎక్కించారు. ఆయన భార్యను వెంటబెట్టుకుని మహబూబాబాద్ స్టేషన్ అవతల ఉన్న ఐస్ ఫ్యాక్టరీకి పోయాడు.

"మా ఇంటామె విదేశం పోతాంది. జర చలి అలవాటు చెయ్యాలె" అని యజమానిని అడిగాడు.

"నేను గడ్డలు అమ్ముత పటేలా, చలి అమ్ముత లేను" అన్నాడు ఆయన. అయినా ముచ్చటపడి లోపలికి రానిచ్చాడు. ఊకలో పెట్టిన మంచుగడ్డల నడుమ గోనెసంచి పరిస్తే, గొంగడి కప్పుకుని సరోజన ముని లాగా కూర్చుంది. రెండు పుల్ల ఐస్‌లు కూడా తిన్నది. తోడు కూర్చున్న వెంకట్రాం తుమ్ముకుంటూ బయటికి వచ్చి, దారి పొడుగునా తుమ్మి, ఇల్లు చేరి జ్వరంతో మంచమెక్కాడు. "విదేశం నువ్వే పోవే తల్లీ, నాకు మహబూబాబాదే ఎక్కువైంది" అన్నాడు ముసుగు లోపలి నుంచి.

ఇక కొండలు ఎక్కడం. ఊరి బయట తండా పక్కన ఒక గుట్ట ఉంది. సరోజన రోజూ సాయంత్రం పాలు పోసి వచ్చి ఆ గుట్ట ఎక్కేది. అక్కడ మేకలు కాసే సోమ్లీ చూసి చూసి ఒకనాడు అడిగింది.

"ఏమక్కా, గుట్ట మీద ఏం పోగొట్టుకున్నవ్?"

"ఏం లే సోమ్లీ. గుట్ట ఎక్కుడు నేర్చుకుంటున్న. ఇమానం ఎక్కి కొండలల్లకు పోవాలె."

సోమ్లీ నవ్వి నవ్వి బండ మీద కూలబడ్డది. "మేం పుట్టినకాడికెళ్లి ఎక్కుతనే ఉన్నం, మమ్ముల ఎవ్వలు ఇమానం ఎక్కియ్యలే! ఎక్కుడు కాదక్కా, దిగుడు నేర్చుకో. కుచ్చిళ్లు దోపు. ఇగో, గిట్ల పక్కకు తిరిగి దిగాలె." ఆ పక్కవాటం దిగుడు నేర్చుకున్నాక సరోజన ఇంటి మెట్లు కూడా ఎండ్రకాయ లాగా దిగేది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, నెపం మాత్రం మోకాళ్ల మీద పెడుతుంది.

వెంకటనర్సమ్మ ఈ తతంగానికి మొదట అడ్డు చెప్పలేదు. మురుకులు చేసింది, ఎల్లిపాయ కారం నూరింది, ఆ దేశంలో చింతపండు దొరకదని తెలిసి అక్కడి ఆడవాళ్ల మీద జాలిపడింది. టికెట్ల కబురు వచ్చిన రోజున మాత్రం ముఖం గంభీరంగా పెట్టింది.

"శుక్కురారం పొద్దుగాల బయలెల్లుడా? ఇంతకు గా దేశం ఏ దిక్కుకుంటది?"

ఉత్తరం అని ఒక్క మాట అంటే గొడవ ఉండేది కాదు. కాని భూగోళం చదివిన గర్వం ఊరుకోనిస్తుందా? "పడమరకు అత్తమ్మా!" అంది సరోజన, టీచర్ అడిగితే చెయ్యెత్తినట్టు.

వెంకటనర్సమ్మ వేళ్ల కణుపుల మీద లెక్క చూసుకుంది. "శుక్కురారం పడమర శూల, గా దిక్కు పోతే కీడు. గడప దాటనియ్య."

"బస్సు ముందుగాల తూర్పుకు, తొర్రూరు పోతది గదనే అవ్వా" అన్నాడు వెంకట్రాం తల్లితో.

"తొర్రూరుకెళ్లి?"

"జనగామ. ఆడికెళ్లి పట్నం. ఆడికెళ్లి బొంబాయి."

"అన్నీ పడమరకేనా?"

వెంకట్రాం తుమ్మాడు. అది కూడా మంచి శకునం కాదంది తల్లి. "గా ఇమానపోళ్లకు ఇండ్లల్ల పెద్దోళ్లు లేరా? శనారం పెట్టుకొమ్మను" అంది. పురుషోత్తం సారు వచ్చి ఎంత నచ్చజెప్పినా వినలేదు. సరోజనకు అన్నం సయించలేదు. ఆ కొండల పాఠం ఒకసారి ఊరేగింపుకు ఆగింది, ఇప్పుడు శూలకు ఆగేటట్టుంది.

దారి చూపించింది కూడా వెంకటనర్సమ్మే. "పస్తానం పెడ్దాం" అంది. అంటే మంచి రోజున, మంచి గడియలో, ప్రయాణపు మూటను పోయే దిక్కున ఉన్న వేరేవాళ్ల ఇంట్లో పెట్టిరావడం. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే. తర్వాత శుక్రవారం పోయినా శూల అంటదు. మూట మాత్రం వెనక్కి తిరిగి సొంత గడప తొక్కకూడదు. ముందురోజు బేస్తవారం, ఆ రోజు పడమరకు దోషం లేదు.

చిక్కు ఒక్కటే. వాళ్ల ఇంటికి పడమర ఉన్నది ఒకే ఒక్క ఇల్లు. దాని తర్వాత పొలాలే. ఆ ఇల్లు సులోచనది.

బేస్తవారం పొద్దున వెంకటనర్సమ్మ సరోజన ఆకుపచ్చ చీరలో మురుకుల డబ్బా, కారం సీసా, చింతపండు మూటగట్టి, తానే నెత్తిన పెట్టుకుని పెద్దకోడలి ఇంట్లో దించింది. "సులోచనా, పస్తానం పెట్టిపోతున్న" అంది.

"పెట్టుకో అత్తమ్మా. మూటలతోని నాకు పగ లేదు" అంది సులోచన, ముఖం బర్రె దిక్కు పెట్టుకుని.

మూట విప్పకూడదు. సులోచన మధ్యాహ్నం దాకా విప్పలేదు. విదేశం పోయేవాళ్లు ఏం తీసుకుపోతారో చూడాలనిపించి, ఒక్క మురుకు రుచి చూస్తే ఏమవుతుందిలే అనుకుని ముడి విప్పింది. మురుకు తినలేదు. చీర అంచు చూసి అక్కడే ఆగిపోయింది.

కాసేపటికి గోడ మీద ఆమె తల లేచింది. అవతల రోలు ఎక్కి నిలబడ్డట్టుంది.

"సరోజనా!"

వెంకట్రాం మంచం మీద లేచి కూర్చున్నాడు. సిస్సు కూడా నెమరు ఆపింది. ఇన్నేళ్లలో ఆ నోట ఈ పేరు రావడం అదే మొదలు.

"గీ చీర ఎవరిది?" సులోచన చీర అంచు గోడ మీదికి చాపింది. "గీ కుట్లు చూడు. ఎర్రావు కొమ్ము తగిలి చినిగితే నేను కుట్టుకున్న కుట్లు. ఇది నా చీర!"

సరోజన దగ్గరికి పోయి చూసింది. కుట్లు అవే. అత్తమ్మ వచ్చి చూసింది, చూసి నెత్తి పట్టుకుంది. రెండిళ్ల బట్టలూ ఉతికే ఎల్లవ్వను పిలిపించారు. ఆమె ఆ చీర కొంగు మూల తిప్పి, ఎవరింటి బట్టో తెలియడానికి జీడిగింజ రసంతో తాను వేసిన గుర్తు చూపింది.

"రెండిండ్లకు ఒక్క గుర్తే ఉన్నది గదమ్మా! ఒకలది ఇంకొకల ఇంటికి పోకుంటే ఎట్ల?"

"ఇల్లు వేరైనంక గుర్తు మార్చాలె గదనే!" అంది వెంకటనర్సమ్మ.

"వేరైంది మీరు. నా బట్టల మూట వేరు కాలే" అంది ఎల్లవ్వ. అంతటితో తన పని అయిపోయినట్టు గట్టు మీద కూర్చుని మురుకు అడిగింది.

సరోజన చీర సులోచన ఇంట్లో ఉతికిన బట్టల్లో ఉంది. "గిది తీసి అది పెడ్దాం" అన్నాడు వెంకట్రాం. వెంకటనర్సమ్మ కొట్టిపారేసింది. "మంచి గడియల గడప దాటింది గా చీర. పస్తానం దానిదే. అది తీస్తే ప్రయాణం ఆగినట్టే."

"అయితే నా చీర పోవాలె. నా చీర పోతే నేను పోవాలె!" అంది సులోచన. అన్నదే గాని ఆ మాటకు తనకే నవ్వు వచ్చింది. పాస్‌పోర్టు మీద సరోజన బొమ్మ ఉందని ఆమెకు తెలుసు. నవ్వు ఆపుకుని గొంతు తగ్గించింది. "నాకు నీ ఇమానం వద్దు. తొర్రూరు దాకా నేను నడిచిన నడక ఎవరికన్న చెప్పినవా? గదొక్కటి చెప్పు. చీర కట్టుకోని పో."

సరోజన ఆ కుట్ల మీద వేలు పెట్టి నిలబడ్డది. చల్ల కలిపి ఇచ్చిన సాయంత్రం గుర్తుకొచ్చింది. చెప్తే సారు ఏమంటాడో? 'ఆవు ఘనత నీది కానప్పుడు నిన్నెందుకు పంపాలె' అంటే? కొండలు, గంటలు, పూల కొమ్ములు అన్నీ ఆ ఒక్క మాటకు వేలాడుతున్నాయి.

సాయంత్రం పురుషోత్తం సారు కాగితాలు ఇవ్వడానికి పాలకేంద్రానికి వచ్చాడు. ఊరంతా క్యాన్లతో నిలబడి ఉంది. వరుస చివర, బర్రె పాల గిన్నెతో సులోచన. సరోజన ముందుకు పోయింది. గొంతు చూస్తే జనగామ ఊరేగింపు నాటి గొంతే.

"సార్! ఆనాడు మీరు అడిగితే మా ఇంట్లోళ్లమే అన్న. గది సగం మాటనే. సిస్సుకు సూది ఏపిచ్చింది మా సులోచనక్క. మగోళ్లందరు నవ్వినా ఆవును తొర్రూరు దాకా నడిపిచ్చింది. చీర చినిగినా ఎనకకు మర్రలే. నేను ఇంట్లనే కూసున్న!"

పురుషోత్తం సారు ఇవ్వబోయిన కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. "అమ్మా, తెల్లారితే ప్రయాణం. ఇప్పుడు పేరు మార్చుడంటే నా నౌకరి పోతది..."

"పేరు మార్చమని ఎవరన్నరు సార్?" వరుస చివరి నుంచి సులోచన గద్దించింది. "ఊకె ఎరుక చేసుకోమన్నం. కాగితాలియ్యి, పిల్లకు బస్సు దొరకాలె."

నిరంజన్ ఆ వరుసలోనే ఉన్నాడు. దొరల సంబంధం అని నవ్వింది తానేనని గుర్తుకొచ్చి, క్యాను మూత సరిచేసే పని పెట్టుకున్నాడు. ఎవరో "మరి సులోచనమ్మ బర్రెను ఏ దేశం పంపుదాం?" అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది సులోచనే.

శుక్రవారం పొద్దున సరోజన తన గడప దాటి నేరుగా సులోచన ఇంటికి పోయింది. మూటలోని సరుకును వేరే గుడ్డలో కట్టి, ఆకుపచ్చ చీర సులోచనే ఆమెకు కట్టింది. కుచ్చిళ్లు పెడుతూ, పిన్నులు గుచ్చుతూ, "కుట్లున్న అంచు ముందటికి రావాలె. నా చీర గుట్టల మీద పీలికలు చేసినవంటే చూడు" అని గదమాయించింది. ముంగిట్లో నిలబడ్డ వెంకటనర్సమ్మ, "ఇగ మూట ఎత్తుకో, ఎనకకు చూడకు" అంది. సరోజన ఎత్తుకుంది. చూడకుండా ఉంటుందా, బస్సు ఎక్కేదాకా చూస్తూనే ఉంది.

అక్కడ ఏం చూసిందో అడిగితే మాత్రం అవ్వ తేల్చి చెప్పదు. గంటలు నిజమేనట, పూలు నిజమేనట. ఎందుకు తోల్కపోతారని అక్కడి ఒక ముసలి రైతును దుబాసీతో అడిగించిందట. ఆయన వింతగా చూసి, "గడ్డి కోసం" అన్నాడట. అవ్వ సంతోషం పట్టలేక ఆయనకు మురుకులన్నీ ఇచ్చేసింది.

"గంత దూరం పోయి గిదా తెల్సుకున్నది?" అని తాత వెంకట్రాం బతికున్నన్నాళ్లూ ఎగతాళి చేశాడు. చేస్తూ చేస్తూ మధ్యలో తుమ్మేవాడు.

అక్కడ తీసిన ఫోటో ఒకటి ఉంది. వెనక మంచు కొండ, పక్కన గంట కట్టిన ఆవు, నడుమ అవ్వ. వాళ్లిచ్చిన కోటు విప్పి పక్కన పెట్టి, కుట్లున్న అంచును రెండు చేతులా ముందుకు చాపి నిలబడింది. పళ్లన్నీ కనబడుతున్నాయి. నవ్వుతున్నదని అందరూ అనుకుంటారు. చలికి కొట్టుకుంటున్న పళ్లు అవి.

ఆ ఫోటో మా ఇంట్లో లేదు. పెద్దవ్వ సులోచన ఇంట్లో, తలుపు తీయగానే కనబడే గోడ మీద ఉంది. చుట్టాలు ఎవరొచ్చినా చాయ్ గ్లాసు చేతికిచ్చి మొదలుపెడుతుంది. "మేం సిస్సు దేశం పోయినప్పుడు..."

పక్కనే కూర్చున్న అవ్వ తల ఊపుతుంది. "అవునక్కా. మస్తు చలి ఉండె గద."